సాఫుగా కోయడం: వాహనాల ఉక్కు అల్లిక హోసులపై ఒక పరిశీలన

మనం నిత్యం వాడే 'సాఫు' అనే మాట ఉర్దూ నుండి తెలుగులోకి వచ్చి ఇక్కడే స్థిరపడిపోయింది. దానికి చుట్టమైన 'సఫాయీ' అనే పదానికి ఉర్దూలో రెండు అర్థాలు కలవు. ఒకటి శుభ్రత, రెండవది పనితనంలోని నేర్పు. 'హాత్ కీ సఫాయీ' అన్నప్పుడు ఉద్దేశించేది చేతుల శుభ్రతను కాదు, చేతి ఒడుపును. ఈ రెండు అర్థాలూ ఒకేచోట అవసరమయ్యే పనులు కొన్ని ఉన్నవి. వాహనాలకు అమర్చే ఉక్కు అల్లిక హోసును కోయడం అటువంటిది. కోత తిన్నగా, నునుపుగా ఉండాలి. కోసిన తరువాత గొట్టం లోపల ధూళి కణం కూడా మిగలరాదు. చూడడానికి ఇది క్షణకాలపు పని. కాని దీనిలో కొంత గణితం, కొంత భౌతిక శాస్త్రం, చాలా శ్రద్ధ ఇమిడి ఉన్నవి. వానిని విద్యార్థి లోకానికి పరిచయం చేయడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఈ విషయం మన ప్రాంతానికి దూరమైనది కాదు. పెనుగంచిప్రోలు, జగ్గయ్యపేట, నందిగామలతో కూడిన ఈ మెట్టసీమ 2022 ఏప్రిల్ వరకు కృష్ణాజిల్లాలో ఉండేది, నేడు ఎన్.టి.ఆర్. జిల్లాలోనిది. జయంతిపురం, ముక్త్యాల సిమెంటు కర్మాగారాలున్న ఈ ప్రాంతంలో సున్నపురాయి మోసే టిప్పర్లు, మునేటి ఒడ్డు పల్లెలలో ట్రాక్టరు ట్రక్కులు, కోతకాలంలో పొలాలలో దిగే వరికోత యంత్రాలు, హైదరాబాదు - విజయవాడ జాతీయ రహదారిపై రాత్రింబవళ్లు నడిచే లారీలు, తిరుపతమ్మ తిరునాళ్లకు జనాన్ని తెచ్చే బస్సులు మనకు నిత్యం కనిపించేవే. వీనిలో ఎన్నింటికో బ్రేకులకు, స్టీరింగుకు, ట్రక్కు తొట్టిని లేపే జాకీకి, డీజిలు సరఫరాకు వంగే గొట్టాలు ఉంటవి. అవి చెడినప్పుడు మార్చేది మన ఊళ్లలోని షెడ్లలోనే. కానిచో విజయవాడ ఆటోనగర్‌కు పోవాలి. కనుక ఆ గొట్టం ఎలా ఉంటుంది, ఎలా కోయాలి అన్నది మన ఇంటి పక్క విద్యయే.

గొట్టం నిర్మాణం

ఇంజనుకు బిగించిన భాగం కదులుతుంది, అదురుతుంది. చక్రం పైకి కిందికి ఊగుతుంది. వానిని చట్రానికి కదలని ఇనుప గొట్టంతో కలిపితే కొద్ది కాలంలోనే అది విరుగుతుంది. కనుక వంగే గొట్టం కావాలి. కాని వంగే రబ్బరు ఒత్తిడికి ఉబ్బుతుంది, చివరకు పగులుతుంది. వంగాలి, ఉబ్బరాదు. ఈ రెండు కోరికలను ఒకేసారి తీర్చేదే తీగ అల్లిక. లోపల ద్రవాన్ని మోసే పొర ఒకటి, దానిపై సన్నని ఉక్కు తీగల అల్లిక ఒకటి. కొన్నింటికి ఆ అల్లికపై మరల రబ్బరు తొడుగు ఉంటుంది.

మన వాహనాలలో ముఖ్యంగా మూడు రకాలు కనబడతాయి. మొదటిది, టెఫ్లాన్ లోపొరపై తుప్పుపట్టని ఉక్కు అల్లిక గలది. దీనిని బ్రేకులకు, వేడిగాలి పోయే మార్గాలకు వాడతారు. రెండవది, రబ్బరు లోపొరపై అల్లిక బయటికి కనిపించేది. ఇది ఇంధనానికి, ఇంజను నూనెకు ఉపయోగిస్తుంది. మూడవది, ఒకటి లేక రెండు వరుసల తీగ అల్లిక రబ్బరులో దాగి ఉండే నల్లని హైడ్రాలిక్ హోసు. టిప్పరు జాకీలకు, వరికోత యంత్రాలకు ఉండేది ఇదే.

వీని వెనుక ఎందరి కృషియో ఉన్నది. వంగే లోహపు గొట్టం 1885లో వెలుగులోకి వచ్చింది. తుప్పుపట్టని ఉక్కును 1913లో ఇంగ్లండులోని షెఫీల్డు నగరంలో హారీ బ్రియర్లీ రూపొందించాడు. టెఫ్లాన్ పదార్థం 1938లో అమెరికాలో రాయ్ ప్లంకెట్ చేతిలో అనుకోకుండా బయటపడింది. ద్రవపు ఒత్తిడితో పనిచేసే బ్రేకులు నాలుగు చక్రాలకూ గల డ్యూసెన్‌బర్గ్ కారు 1921లో వచ్చింది.

అల్లికలో సగం తీగలు కుడివైపుగా, సగం ఎడమవైపుగా గొట్టాన్ని చుట్టుకొని, ఒకదానిపై ఒకటి ఎక్కుతూ దిగుతూ పోతాయి. తీగ గొట్టపు అక్షంతో చేసే కోణానికి ఒక విశేషం కలదు. ఆ కోణం సుమారు 54.7 డిగ్రీలు అయినప్పుడు ఒత్తిడి వలన గొట్టం పొడవు పెరగదు, తగ్గదు. కోణం అంతకు తక్కువైతే ఒత్తిడికి గొట్టం పొట్టిదై లావవుతుంది. ఎక్కువైతే పొడవై సన్నబడుతుంది. సామాన్యంగా దొరికే హైడ్రాలిక్ హోసులు ఒత్తిడిలో 2 శాతం వరకు పెరగవచ్చును, 4 శాతం వరకు తగ్గవచ్చును. అనగా మీటరు హోసు 4 సెంటీమీటర్లు కురచ కావచ్చును. అందుచేత బిగుతుగా లాగి కొలిచి కోసిన హోసు పనిలోకి దిగగానే ఫిట్టింగును లాగివేస్తుంది. కోతలో మొదటి తప్పు కత్తి పట్టకముందే, కొలతలోనే జరగవచ్చునని దీనివలన తెలుస్తుంది.

తీగలు ఎందుకు విచ్చుకొంటవి?

తాటాకు బుట్ట అంచు కట్టు ఊడితే ఏమవుతుందో మనకు తెలుసు. ఆకులు ఒక్కొక్కటిగా పైకి లేస్తాయి. జడకు చివర కట్టు లేకున్నా అంతే. ఉక్కు అల్లిక అంతకంటె మొండిది. తీగలను వంచి, బిగించి అల్లుతారు గనుక ప్రతి తీగలోను తిన్నగా సాగిపోవాలనే బిగువు దాగి ఉంటుంది. పక్క తీగల రాపిడి దానిని పట్టి ఉంచుతుంది. కోత పడిన క్షణంలో ఆ పట్టు తొలగిపోయి, తీగలు చీపురు కుచ్చువలె విచ్చుకొంటవి. రంపపు పళ్లు ఒక్కొక్క తీగను పట్టి లాగినకొద్దీ ఈ చెదురు ఇంకా లోపలికి పాకుతుంది.

చెదిరిన తీగ వలన కలిగే చేటు మూడు విధాలు. మొదటిది, అటువంటి తీగ ఒకటి లోపొరకు, ఫిట్టింగుకు నడుమ ఇరుక్కొంటే అక్కడ వెంట్రుకవాసి సందు ఏర్పడుతుంది. ఎంత బిగించినా ఆ సందున ద్రవం ఊరుతూనే ఉంటుంది. రెండవది, తెగిన తీగముక్క గొట్టంలోకి జారితే ద్రవంతో కలిసి ప్రయాణించి సిలిండరు లోపలి రబ్బరు వాషరును గీస్తుంది. మూడవది, వెనుకకు మడతపడిన తీగలు ఫిట్టింగు పట్టులోకి రావు. పదింట ఒక వంతు తీగలు బయట మిగిలితే, వాని భారం కూడా తక్కిన తొమ్మిది వంతుల మీదనే పడుతుంది.

ఆ భారం ఎంత? టిప్పరు జాకీకి పోయే హోసు లోపలి వ్యాసం 12 మిల్లీమీటర్లు, ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు 150 కిలోలు అనుకొందాం. గొట్టపు ద్వారం వైశాల్యం సుమారు 1.13 చదరపు సెంటీమీటర్లు. రెంటినీ గుణిస్తే 170 కిలోలు వస్తుంది. అనగా 75 కిలోల ధాన్యపు బస్తాలు రెండింటిని, పైన మరొక 20 కిలోలను ఆ ఫిట్టింగుకు వేలాడదీసినట్లు లెక్క. ఆ బరువునంతా పట్టి ఉంచేది కోసిన చివరనున్న అంగుళమంత అల్లిక మాత్రమే. రాళ్లతో నిండి పైకి లేచిన తొట్టి కింద మనిషి ఉన్నప్పుడు, ఏటవాలున దిగే బండి బ్రేకు నొక్కినప్పుడు ఈ లెక్క వట్టి అంకగణితం కాదు, ప్రాణగణితం.

కట్టిన తరువాతనే కోత

ఈ పనికంతటికీ మూలసూత్రం ఒక్కటే: ముందు కట్టాలి, ఆ కట్టు మీదనే కోయాలి. చేంతాడు కోసేవాడు కోత పెట్టే చోటికి రెండు పక్కల పురికొసతో బిగించి కట్టి, నడుమ కోస్తాడు. ముందు కోసి తరువాత కడితే అప్పటికే పురి విడిపోయి ఉంటుంది. ఉక్కు అల్లికకు కూడా ఇదే న్యాయం. కోత సాఫుగా రావడం రంపం పదునుపై కంటె రంపానికి ముందు చేసిన కట్టుపై ఎక్కువ ఆధారపడి ఉంటుంది.

పని క్రమం ఇది. హోసును వాహనంలో దాని సహజమైన వంపులో ఉంచి, ఫిట్టింగులు ఆక్రమించే పొడవును, చక్రం లేక జాకీ పూర్తిగా కదిలినప్పుడు కావలసిన వదులును కలుపుకొని కొలవాలి. కోయదలచిన చోట బలమైన గుడ్డ టేపును గాని, కరెంటు పనివారు వాడే టేపును గాని మూడు నాలుగు చుట్లు లాగి బిగించి చుట్టాలి. చుట్టు అంచు చుట్టుపై సరిగా కూర్చుండేటట్లు చూస్తే ఆ అంచే అక్షానికి లంబంగా గీసిన గీత అవుతుంది. అనుమానముంటే తిన్నని అంచు గల కాగితపు పట్టీ చుట్టి, దాని అంచులు ఒకదానిపై ఒకటి కలిసేటట్లు చేసి, దాని వెంబడి గీత గీయవచ్చును. కోత ఏటవాలుగా ఉంటే ఒక పక్క ఫిట్టింగు అడుగును తాకుతుంది, రెండవ పక్క తాకదు. ఆ తాకని పక్కనే కారుట మొదలవుతుంది.

టేపుకు బదులుగా గీతకు రెండు పక్కల రెండు హోసు క్లిప్పులు బిగించి నడుమ కోయడం మరొక పద్ధతి. అన్నింటికంటె మేలైనది కొయ్యదిమ్మె. గట్టి కొయ్యలో హోసు లావుకు సరిపడే రంధ్రం తొలిచి, దిమ్మెను రెండు చెక్కలుగా చీల్చాలి. హోసును ఆ చెక్కల నడుమ ఉంచి వైసులో బిగిస్తే గొట్టం నలగదు, కదలదు. దిమ్మె అంచే రంపానికి దారి చూపుతుంది. ఊరి వడ్రంగి కొద్దిసేపటిలో చేసి ఇవ్వగల సాధనం ఇది. హోసును నేరుగా వైసు దవడల నడుమ బిగించడం మాత్రం తగదు. లోపొర ఒకసారి నలిగితే ఆ మడత మరల పోదు.

మూడు సాధనాలు

హ్యాక్సా అందరికీ అందుబాటులో ఉన్నది. అంగుళానికి 18, 24, 32 పళ్లుగల బ్లేడులు దొరుకుతాయి. ఈ పనికి 32 పళ్లదే తగినది. దాని పళ్ల మధ్య దూరం 0.8 మిల్లీమీటరు మాత్రమే. పళ్లు దూరమైనకొద్దీ సన్నని తీగ పంటి సందున పడి, తెగకుండా లాగబడుతుంది. బ్లేడు కొత్తదై ఉండాలి. ఒత్తిడి పెట్టక, పొడవైన లాగులతో, ఒకే వరుసలో కోయాలి.

రెండవ సాధనం సానచక్రం. చేతి గ్రైండరుకు అమర్చే మిల్లీమీటరు మందపు కోతచక్రం తీగలను లాగదు, అరగదీస్తుంది. కనుక కోత చాలా నునుపుగా వస్తుంది. 105 మిల్లీమీటర్ల చక్రం నిమిషానికి 11,000 చుట్లు తిరిగితే దాని అంచు వేగం సెకనుకు సుమారు 60 మీటర్లు. ఆ వేగంలో పగిలిన చక్రపు ముక్క తుపాకి గుండు వంటిది. కళ్లద్దాలు, చక్రపు రక్షక కవచం లేకుండా ఈ యంత్రాన్ని ముట్టరాదు. దీనితో వచ్చే మరొక చిక్కు వేడి. రబ్బరు లోపొర మాడిపోతుంది. టెఫ్లాన్ 260 డిగ్రీల సెంటీగ్రేడు వరకు తట్టుకొంటుంది గాని, అంతకు చాలా మించి కాగితే హానికరమైన పొగ విడుస్తుంది. దానిని పీల్చిన వారికి జ్వరం వస్తుంది. అందుచేత టెఫ్లాన్ హోసుకు హ్యాక్సాయే మేలు. చక్రమే వాడవలసి వస్తే గాలి బాగా ఆడే చోట, ఆగి ఆగి, చల్లారనిచ్చి కోయాలి.

మూడవది దాకలి, ఉలి. రైలు పట్టా ముక్కను గాని, దాకలిని గాని ఆధారంగా ఉంచి, హోసు లావుకంటె వెడల్పైన పదునైన ఉలిని గీతపై నిలిపి, బరువైన సుత్తితో ఒక్క దెబ్బ వేస్తారు. సన్నని హోసులకు ఇది బాగుంటుంది. ధూళి రాదు, వేడి పుట్టదు. కాని రెండవ దెబ్బ వేయవలసి వస్తే ఉలి అదే చోట పడదు, తీగలు రెండు మెట్లుగా తెగుతాయి. లావు హోసులకు ఈ పద్ధతి పనికిరాదు.

కోసిన తరువాత

ఇచ్చట 'సఫాయీ'కి గల మొదటి అర్థం ముందుకు వస్తుంది. కోతలో పుట్టిన ఉక్కుపొడి, రబ్బరుపొడి గొట్టంలో చేరి ఉంటవి. సుమారు 40 మైక్రాన్ల కంటె చిన్న కణాలు మానవ నేత్రానికి ఆనవు. హైడ్రాలిక్ పంపు భాగాల నడుమ సందులో అంతకంటె చిన్న కణాలు కూడా గీతలు పెట్టగలవు. కనుక కంటికి శుభ్రంగా కనబడితే చాలునని అనుకోరాదు. రెండు చివరల నుండి మార్చి మార్చి గాలి కొట్టాలి. ఆ సమయంలో ఎదుటి చివరకు ఎవరి ముఖమూ ఉండరాదు. తరువాత ఆ హోసులో ఏ ద్రవం పారవలెనో ఆ ద్రవంతోనే కడగడం ఉత్తమం. ముఖ్యంగా బ్రేకు హోసును పెట్రోలుతోగాని, డీజిలుతోగాని, ఇంజను నూనెతోగాని కడగరాదు. వాని అంశ ఏ కొంచెం మిగిలినా బ్రేకు సిలిండరులోని రబ్బరు ఉబ్బి చెడిపోతుంది. కడిగిన వెంటనే రెండు చివరలకు మూతలు పెట్టాలి.

తీగ లేచి ఉన్నదా అని వేలితో తడిమి చూడడం చాలమందికి అలవాటు. ఆ తీగ సూదికంటె వాడి. కోసిన అంచుపై కొంచెం దూదిని తిప్పితే, లేచిన తీగ ఉన్నచోట దూదిపోగు చిక్కుకొంటుంది. వేలు భద్రం, పరీక్ష నిక్కచ్చి.

ఫిట్టింగు అమర్చే విధం హోసు రకాన్నిబట్టి మారుతుంది. రబ్బరు లోపొర గలదానిని సాకెట్టులోకి తిప్పుతూ అడుగు తాకేవరకు నెట్టి, మిల్లీమీటరంత వెనుకకు తీయాలి. సాకెట్టు అంచు వద్ద హోసుపై గుర్తు పెట్టి, నూనె రాసిన నిపుల్‌ను మరతిప్పి ఎక్కించాలి. బిగిస్తుండగా గుర్తు బయటికి జరిగితే హోసు వెనుకకు తన్నుకొస్తున్నదని అర్థం; విప్పి మరల చేయాలి. టెఫ్లాన్ హోసులో లోపొరకు, అల్లికకు నడుమ చిన్న ఇత్తడి కట్టు ఒకటి కూర్చోవాలి. దాని కొరకు అల్లికను రెండు మూడు మిల్లీమీటర్లు మాత్రమే వెడల్పు చేయాలి. ఇచ్చట లోపొర ద్రవాన్ని ఆపుతుంది, అల్లిక ఫిట్టింగును పట్టి ఉంచుతుంది. ఒకదాని పనిలో మరొకటి అడ్డురాకుండా చూడడమే పనివాని నేర్పు. చేతితో బిగించే ఈ ఫిట్టింగులలో అమెరికా సైన్య, నౌకాదళాల పేర వచ్చిన ఏ.ఎన్. కొలతలు ప్రసిద్ధమైనవి. వాని నంబరు అంగుళంలో పదహారవ వంతులను తెలుపుతుంది. 6వ నంబరు అంటే 3/8 అంగుళం. వాని శంకువు కోణం 37 డిగ్రీలు. 45 డిగ్రీల ఫిట్టింగు దానికి మరలో ఎక్కినట్లు కనిపించినా ఒత్తిడిలో నిలువదు.

పరీక్ష, హద్దు

తయారైన హోసును పని ఒత్తిడికి రెండింతల ఒత్తిడితో పరీక్షించడం హైడ్రాలిక్ హోసులకు పరిశ్రమలో ఉన్న నియమం. చిట్లే ఒత్తిడి పని ఒత్తిడికి నాలుగింతలు ఉండేటట్లు వానిని తయారుచేస్తారు. కారుతున్నదేమో చూడడానికి అట్టముక్కను దగ్గరగా తిప్పాలి గాని చేతిని ఎన్నడూ పెట్టరాదు. సూదిమొనంత రంధ్రం నుండి వచ్చే నూనె ధార చర్మాన్ని చీల్చుకొని లోపలికి పోతుంది. పైకి చీమకుట్టినంత గాయమే కనబడుతుంది. కాని లోపల కండ కుళ్లి, వేలు, చేయి తీసివేయవలసిన స్థితి రావచ్చును. అటువంటప్పుడు నొప్పి లేదని ఊరుకోక, తక్షణమే శస్త్రచికిత్స సౌకర్యం గల ఆసుపత్రికి పోవాలి.

నేర్పుకు కూడా ఒక హద్దు కలదు. బ్రేకు హోసు రెండు చివరలకు కర్మాగారంలో యంత్రంతో నొక్కిన ఫిట్టింగులు ఉంటే, దానిని కోసి అతుకు వేయరాదు. కొత్త హోసును తెచ్చి వేయాలి. మరల వాడదగినట్లు తయారైన ఫిట్టింగులకు, వానికి జతగా చెప్పబడిన హోసులకు మాత్రమే చేతిపని వర్తిస్తుంది. బ్రేకు మార్గాన్ని విప్పినప్పుడల్లా అందులో చేరిన గాలిని పూర్తిగా తీసివేసి, బండిని చదునైన నేలపై మెల్లగా నడిపి చూసిన తరువాతనే రహదారి ఎక్కించాలి.

పనివాని పేరు

జగ్గయ్యపేట బౌద్ధస్తూపం వద్ద లభించిన మూడవ శతాబ్దపు శాసనం ఒకటి ఉన్నది. అది ఇక్ష్వాకు రాజైన వీరపురుషదత్తుని 20వ పాలనా సంవత్సరం నాటిది. అక్కడి మహాచైత్యానికి అయిదు ఆయక స్తంభాలు నిలిపిన దాత రాజు కాదు, శ్రేష్ఠి కాదు. సిద్ధార్థుడనే శిల్పకారుడు, పనివారికి పెద్ద. తండ్రి కూడా అదే వృత్తివాడని శాసనం చెబుతుంది. పనివాని పేరును రాతిపై నిలిపి గౌరవించిన నేల ఇది. నేటి షెడ్లలో ఉస్తాదు వద్ద షాగిర్దుగా చేరి, పానా అందించడంతో ఆరంభించి, ఏళ్ల తరబడి పని నేర్చుకొనే యువకులది కూడా అటువంటి విద్యయే. కాని వారిలో అనేకులకు చేయి తెలిసిన విషయం కాగితంపై లేదు. మన విద్యార్థులలో అనేకులకు కాగితంపై ఉన్న విషయం చేతికి రాదు. పాస్కల్ సూత్రం పరీక్షలో వ్రాసినవాడు హోసు కారుతుంటే వేలు అడ్డుపెట్టరాదని ఎరుగడు. వేలు పెట్టరాదని ఎరిగినవాడు కారణం ఎరుగడు. ఈ ఎడం వలన నష్టపోయేది ఇద్దరూ.

కళాశాల సంఘం వారు భౌతికశాస్త్ర ప్రయోగశాలలో ఒక వైసును, రెండు కొయ్యదిమ్మెలను, కొన్ని పాత హోసు ముక్కలను, 32 పళ్ల బ్లేడులను సమకూర్చి, ఏటా ఒకనాడు పరిసర షెడ్ల ఉస్తాదులను ఆహ్వానించి విద్యార్థుల ఎదుట ఈ పని చేయించగలిగితే, స్వల్పవ్యయంతో గొప్ప పాఠం జరుగుతుంది. అదేనాడు విద్యార్థులు 170 కిలోల లెక్కను నల్లబల్లపై వేసి షెడ్లలోని కుర్రవారికి ఉర్దూలోను, తెలుగులోను వివరించవచ్చును. వచ్చే ఏడు మునేటి వంతెన దాటే బండి ఏదైనా ఒకటి, ఆ రోజున నేర్చుకొన్న చేతులు బిగించిన హోసుతో బ్రేకు నిలుపుకొంటే ఆ పాఠం సార్థకమైనట్లే.